దారం కట్టిన పేనా

ఆ రోజుల్లో నాకు కంప్యూటరూ తెలుసు, లోకమూ తెలుసు అనే పొగరు. తమిళనాట విరుదునగరులో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. కోవిల్‌పట్టిలో మా మేనమామ పెద్దకూతురి పెండ్లి వచ్చింది. చిన్నకూతురిని నాకివ్వాలా వద్దా అని మామ ఇంకా తేల్చలేదు. ("పొద్దంతా పెట్టె ముందర కూర్చునేవానికి పిల్లనెట్ల ఇచ్చేది?" అన్నాడట.) ఈ పెండ్లిలో నా పనితనం చూపించి ఆ మాట వెనక్కి తీయించాలనుకున్నా.

మావాళ్ళ పెండ్లిలో ముహూర్తం అయ్యాక వచ్చిన ప్రతి కుటుంబాన్నీ ఇంటిపేరు పెట్టి పిలిచి ఆకువక్క ఇవ్వాలి. ఒక్క ఇల్లు తప్పినా రాకపోకలు నిలిచిపోతాయి. అందుకే మండపం నడుమ బల్ల మీద ఒక నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన ఒకే పేనా ఉంటాయి. రెండు వాకిళ్ళకూ చెరొకరు రాసేవాళ్ళు. ఒకరు రాసేదాకా ఇంకొకరు కాచుకోవాలి. నాకు నవ్వొచ్చింది. "ఏం మామా, ఈ కాలంలోనూ కాచుకునేదా? వాకిలికొక కంప్యూటర్ పెడతా, ఇద్దరూ ఒకేసారి ఒకే లిస్టులోకి కొడతారు" అన్నా. "చెయ్యి, చూస్తాం" అన్నాడు మామ.

పెండ్లినాడు ముహూర్తం అయ్యాక, నా కంప్యూటర్లో అచ్చు తీసిన లిస్టు చూసి మామ మైకులో ఒక్కొక్క ఇంటినీ పిలిచాడు. ఆఖరి పేరూ అయిపోయింది. మా నాయన తువ్వాలు దులిపి లేచాడు. "బామ్మరిది ఇంటి పెండ్లిలో మన ఇంటిపేరు పిలవలే. లేవండి, బస్సుకు పోదాం." అమ్మ కండ్లలో నీళ్ళు. నాకు పెండ్లి ఆశ అక్కడే ఆవిరైపోయింది. నాయన ముందరి వాకిట్లో అడుగుపెట్టిన క్షణానే వెనక వాకిట్లోకి ఇంకెవరో వచ్చారు. ప్రోగ్రాములో ఒక్కో వాకిలి పేర్లు రాసే ఒక్కో పోగు ఉంటుంది, థ్రెడ్డు అంటాం. ఆ రెండు థ్రెడ్లూ ఒకే ఖాళీ గడిలో రాశాయి, ముందు రాసిన మా పేరు చెరిగి తర్వాత రాసిందే నిలిచింది. (ఇది వారం రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. ఆ పూటకైతే కరెంటు మీదికి తోశా.) అయ్యో, ఇన్ని ఇళ్ళుండగా నా ప్రోగ్రాము మా ఇంటినే మింగాలా!

నాయన చెప్పుల్లో కాళ్ళు పెట్టేసరికి మామ చిన్నకూతురు నోటుబుక్కుతో పరుగెత్తుకొచ్చి వాళ్ళ నాయనకు చూపించింది. ఈ బావ యంత్రాన్ని నమ్మక, బల్ల దగ్గర కూర్చుని అందరినీ తానే రాసిపెట్టిందట. "అత్తావాళ్ళ ఇంటిపేరు ఈడుంది నాయనా, గట్టిగా పిలువు!" మామ రెండుసార్లు పిలిచాడు. నాయన అలక దిగి ఆకువక్క తీసుకున్నాడు. మామ నావైపు చూసి, "పిల్లనిస్తాలేరా. నీ పక్కన సరిగా రాసేవాళ్ళు ఒకరుండాలి" అన్నాడు.

ఇప్పుడు ప్రోగ్రాములో లిస్టుకు తాళం వేసి, ఒక థ్రెడ్డు రాసేదాకా ఇంకొకదాన్ని ఆపిన ప్రతిసారీ ఆ దారం గుర్తొస్తుంది. దాన్ని చూసి నవ్విన కుర్రవాడి మీద జాలీ కలుగుతుంది, ముద్దూ వస్తుంది. ఆ పేనా మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ చేతిలో. నా వంతు కోసం ఇంకా కాచుకునే ఉన్నా.