దరఖాస్తు మీద గ్రంథాలయం ముద్ర

జగ్గయ్యపేట లైబ్రరీలో నేను పనిచేసే రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, చుట్టుపక్కల లైబ్రరీలవాళ్ళందర్నీ నందిగామ పిలిపించి కంప్యూటర్ శిక్షణ ఇచ్చారు. ఇకమీదట గవర్నమెంటు పనులన్నీ ఆన్‌లైన్‌లోనేనట, జనం మా దగ్గరికే వస్తారట, మేం సాయం చెయ్యాలట. పుస్తకాల దుమ్ము దులుపుకునేవాళ్ళకి ఇదేం ఖర్మరా బాబూ అని బస్సులో దారంతా సణుగుతూనే వెళ్ళా. నేర్పేదేమో మా అమ్మాయి ఈడు పిల్ల. మౌస్ పట్టుకుంటే తెరమీద బాణం ఎటో పోయేది. "నెమ్మదిగా మేడం, అదెక్కడికీ పారిపోదు" అని ఆ పిల్ల నవ్వితే నాకు ఒళ్ళు మండేది. అయినా నేర్చుకున్నా, ఏం చేస్తాం!

కొన్నాళ్ళకి దగ్గర్లోని పల్లెటూరినుంచి ఒకమ్మాయి వచ్చింది. టీచర్ ట్రైనింగ్ చేసింది. టీచరు పోస్టులకి దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, సాయంత్రం లోపల నందిగామ కౌంటర్లో ఇవ్వాలి. ఆరోజే ఆఖరు. ఈసారి తప్పితే వయసు దాటిపోద్దంట. వాళ్ళమ్మ కూలి మానుకుని తోడొచ్చి, గుమ్మం బయటే నిలబడింది.

నెట్టు ఆగుతూ సాగుతూ ఏడిపించింది. స్టూడియోవాళ్ళు సీడీలో ఇచ్చిన ఫోటో ఎక్కించేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. మొత్తానికి దరఖాస్తు వెళ్ళింది, ప్రింటు వచ్చింది. లైబ్రరీవాళ్ళ సంగతి తెలుసుగా, పుస్తకమొచ్చినా పత్రికొచ్చినా ముందు ముద్ర గుద్దాల్సిందే. కొత్త కాగితం కనపడగానే చెయ్యి ఊరుకోలా. ఠప్పున గుద్దేశా. ఊదారంగు గుండ్రటి ముద్ర సరిగ్గా ఆ పిల్ల ఫోటో మీద, మొహమ్మీద పడింది.

ఒకసారి పంపాక మళ్ళీ నింపితే రెండూ కొట్టేస్తారని శిక్షణలో గట్టిగా చెప్పారు. ప్రింటు పాడైతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలా. ఆ పిల్ల కాగితం వంక చూసి భోరుమంది. నందిగామలో నేర్పిన పిల్లకే ఫోన్ చేశా. "కొంప ముంచానమ్మా!" అని జరిగింది చెప్పా.

"మళ్ళీ నింపొద్దు మేడం. దరఖాస్తు నంబరు కొట్టండి, ఎన్ని ప్రింట్లయినా వస్తాయి" అంది.

నా చేతిమీద నాకే నమ్మకం పోయింది, అందుకని నంబరు ఆ అమ్మాయి చేతే కొట్టించా. ప్రింటరు కాసేపు మూలిగి కాగితం వదిలింది. మొహం మీద మరకన్నది లేదు. అమ్మయ్య! పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ముద్రనైతే తీసి బీరువాలో పడేశా.

"అయిపోయిందమ్మా, మీ పిల్ల దరఖాస్తు పూర్తయింది!" అని గుమ్మంలోకి గట్టిగా కేకేశా. పేపర్లు చదువుకుంటున్న పెద్దమనుషులు తలెత్తారు. గుసగుసలాడినా కసిరేదాన్ని కదా నేను, వాళ్ళకి వింతగానే ఉంటుంది. చూస్తే చూశార్లే అనుకున్నా.

వాళ్ళమ్మ మాత్రం గుమ్మం దాటలేదు. "పిల్ల ఏడుపు వినపడిందమ్మా. లోపల మాట్లాడకూడదంట గదా, అందుకే రాలా" అంది.

బస్సుకింకా టైముంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కూతురి పక్కన కూర్చోబెట్టి, కాగితం ఆవిడ చేతిలో పెట్టా. ఫోటోని వేలితో మెల్లగా నిమిరి చూసింది. ఏడుపొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

"గట్టిగానే ఏడువమ్మా, ఎవరూ ఏమీ అనరు" అన్నా.