టీచర్ గారి ఫోను ఎవరికి పలకాలి

2024 వానాకాలం. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళే దారిలో మా మొబైల్ సర్వీస్ షాపు. తెరిచేదీ నేనే, మూసేదీ నేనే, మధ్యలో స్క్రూడ్రైవర్ పట్టేదీ నేనే. ఆడమనిషి రిపేరు చేస్తుందా అని కౌంటర్ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినవాళ్ళు మొదట్లో చాలామందే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళే గణపవరం నుంచి చేపల చెరువులో పడిన ఫోన్లు తెచ్చి, బియ్యం డబ్బాలో పెట్టినా బాగుపడలేదని వాపోతారు. ఛార్జింగ్ పెట్టే కన్నంలోంచి నూకలు తీయడం కూడా నా పనిలో భాగమైపోయింది.

నాకు చిర్రెత్తించే మాట ఒకటుంది. "ఈ లాక్ తీసి పారెయ్యండి, విసుగొస్తోంది" అంటారు. ఇంటికి తాళం వేసి, అది సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకునేవాళ్ళే ఫోన్ దగ్గరకొచ్చేసరికి ఇలా మాట్లాడతారు. సువర్ణ టీచర్ గారు మాత్రం దానికి తలకిందులుగా మాట్లాడారు.

"అమ్మా, దీని నోరు మూయించాలి. కుదరకపోతే ఇది నువ్వే ఉంచేసుకుని నాకో బటన్ల ఫోన్ ఇచ్చెయ్" అన్నారు.

ఆవిడది పెంటపాడు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. కీళ్ళవాతంతో రెండు చేతుల వేళ్ళూ పక్కకి ఒరిగిపోయాయి. వేలిముద్రతో తెరుద్దామంటే వేలు అక్కడ ఆనదు. పిన్ నొక్కుదామంటే ఒక అంకెకి బదులు పక్క అంకె పడుతుంది. అందుకని ఎవరో బంధువు ఆ ఫోన్‌లో వాయిస్ అసిస్టెంట్ పెట్టి ఇచ్చాడు. అంటే మన మాట విని ఫోనే పనులు చేసిపెట్టే ఏర్పాటు. లాక్ వేసి ఉన్నా అన్నీ పలికేలా చేసి, ఇక మీకే ఇబ్బందీ లేదని చెప్పి వెళ్ళాడట. నిజంగానే హాయిగా ఉండేదని ఆవిడే ఒప్పుకున్నారు. ఆ వేసవిలో పెరట్లో జారి పడితే, బొడ్లో ఉన్న ఫోన్‌కి చెప్పి చెల్లెల్ని పిలిపించుకున్నారు. చెల్లెలు కూడా టీచరే. ఆవిడ స్కూలుకి వెళ్ళాక పగలంతా ఈవిడ ఒక్కరే ఉంటారు.

మరి అంత మేలు చేసిన ఫోన్ మీద కోపమెందుకని అడిగాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పారు.

వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు వారానికొకసారి ఒకరింట్లో ప్రార్థనకి కూడతారు. ఎవరి ఇంట్లో ఏ కష్టమున్నా ముందుగా టీచర్ గారికి మెసేజ్ పెడతారు. ఆవిడ తెల్లవారుజామున పేరుపేరునా ప్రార్థిస్తారు. కూడికలో మాత్రం పేరు ఎత్తరు, "ఒక సహోదరి ఇంట్లో" అని ఊరుకుంటారు. ఏళ్ళ తరబడి అలాగే జరుగుతోంది. ఊరందరి కన్నీళ్ళూ ఆవిడ దగ్గరున్నా ఒక్క చుక్క బయటికి పోలేదు.

ఓ వారం కూడిక టీచర్ గారింట్లోనే జరిగింది. పాటలు అయ్యాక టీ తాగుతుంటే, ఏలూరు నుంచి వచ్చిన చుట్టాలమ్మాయి సరదాకి ఆ ఫోన్ అందుకుంది. మా అత్తయ్య ఫోన్ ఎంత తెలివైనదో చూడండంటూ పక్కనున్న బటన్ నొక్కిపట్టి, మెసేజ్‌లు చదవమంది. ఫోన్ గట్టిగా చదివింది. కుమారి అనే ఆవిడ పేరు, ఆ వెనకే భర్త మళ్ళీ తాగుడు మొదలుపెట్టాడన్న మాట. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన మెసేజ్ కాబట్టి ఎవరో దొరసాని చదివినట్టే ఉందట. అయినా గదిలో అందరికీ అర్థమైంది. కుమారి అక్కడే టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

"ఆపుదామంటే నా వేళ్ళు రాలేదమ్మా. చీర కొంగు కప్పేశాను. కొంగులోంచి కూడా చదువుతూనే ఉంది" అన్నారు టీచర్ గారు. ఆ మాట దగ్గర ఆవిడ కళ్ళు నిండాయి.

ఆ తర్వాత కుమారి కూడికకి రావడం మానేసింది. మిగతావాళ్ళు వస్తున్నారు గానీ మెసేజ్ పెట్టడం మానేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ముందు జబ్బేమిటో చూశాను. ఆ ఫోన్‌లో వాయిస్ మ్యాచ్ ఉంది. అది యజమాని గొంతు గుర్తుపట్టే ఏర్పాటు. కానీ దూరం నుంచి పిలిచినప్పుడే ఆ గుర్తింపు. బటన్ నొక్కిపడితే ఎవరి గొంతుకైనా పలుకుతోంది. దానికి తోడు పర్సనల్ రిజల్ట్స్, అంటే మన సొంత సంగతులు చెప్పే అనుమతి, లాక్ మీద కూడా ఇచ్చేసి ఉంది. తలుపుకి తాళం వేసి, కిటికీలోంచి అడిగినవాళ్ళకల్లా బీరువాలోవి అందిస్తున్నట్టుంది వ్యవహారం.

అన్నీ కట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. కట్టేస్తే మళ్ళీ పెరట్లో పడితే ఎలా? షాపులో ఉన్న బటన్ల ఫోన్ చేతికిచ్చి చెల్లెలికి కలపమన్నాను. బటన్లు ఆ వేళ్ళకి దిగలేదు. ఆవిడ దాన్ని మెల్లగా కౌంటర్ మీద పెట్టేశారు. "పోనీలే, పడితే పడతాను" అన్నారు. నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, గౌరవమూ కలిగింది.

ఇక పట్టుబట్టి కూర్చున్నాను. లాక్ మీద ఫోన్ కలపడం ఒక్కటే ఉంచాను. చదవడం, పంపడం, సొంత సంగతులు చెప్పడం అన్నీ తీసేశాను. మెసేజ్ వస్తే పేరు, మాట పైకి కనబడకుండా, వచ్చిందని మాత్రం తెలిసేలా చేశాను. తెరవడానికి ముఖం చూసి తెరుచుకునే ఫేస్ అన్‌లాక్ పెట్టాను. కొన్ని ఫోన్లు ఫోటోకి కూడా మోసపోతాయి కాబట్టి ఆవిడ ఫోటో తీసి దాని ముందు పెట్టి చూశాను, తెరుచుకోలేదు. కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నట్టు నటించమంటే టీచర్ గారు బుద్ధిగా నటించారు. అప్పుడూ తెరుచుకోలేదు. ఆ తర్వాత ఆవిడ ఫోన్‌తో ఇంగ్లీషులో, ప్లీజ్ చేర్చి మరీ, చెల్లెలికి కలపమన్నారు. కలిపింది. థాంక్యూ కూడా చెప్పారు దానికి.

పనైపోయిందనుకున్నాను. ఆవిడ లేవలేదు.

"నువ్వు చెప్పావు, నేను నమ్మానమ్మా. కానీ నమ్మాల్సింది నేను కాదు కదా" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో ఇద్దరు దిగారు. రెండో ఆవిడ కుమారి. బట్టలు కుడుతుంది, చీర అంచుకి దారపు పోగులు అంటుకుని ఉన్నాయి. టీచర్ గారు వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగి, ఒక్కసారి షాపుకి రమ్మని తీసుకొచ్చారట. కుమారి నా వైపు చూడలేదు.

టీచర్ గారు లాక్ వేసిన ఫోన్ ఆవిడ చేతికిచ్చారు.

"నాకెందుకండీ ఇవన్నీ? నాకేం తెలుసు?" అంది కుమారి.

"నీకు తెలియాలనే తీసుకొచ్చానమ్మా. దీనితో ఎలాగైనా చదివించు. చదివితే ఇక్కడే వదిలేసి వెళ్దాం."

కుమారి బటన్ నొక్కిపట్టి, ఆ రోజు విన్న మాటలే అంది. ముందు లాక్ తెరవమంది ఫోన్. తెలుగులో అడిగింది. అదే జవాబు. తన ముఖం ముందు పెట్టుకుంది. తెరుచుకోలేదు. అప్పుడు మొదటిసారి నన్ను సూటిగా చూసి, "మీకు పని తెలుసు కదండీ, మీరు చేసి చూడండి" అంది. నా పనినే నేను చెడగొట్టాలని నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఒక్కటీ దొరకనందుకు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

కుమారి ఫోన్ టీచర్ గారికి ఇచ్చేసి, బయటికి వెళ్ళి మెట్ల మీద మాకు వీపు పెట్టి నిలబడింది. ఇక లాభం లేదనుకున్నాను. టీచర్ గారు కూడా అదే అనుకున్నారేమో, తల వంచుకుని కూర్చున్నారు.

ఇంతలో ఆవిడ చేతిలో ఫోన్ చిన్నగా వణికింది. ఒక మెసేజ్ వచ్చిందని మాత్రమే ఉంది తెర మీద. పేరు లేదు, మాట లేదు. నేను బయటికి చూశాను. కుమారి తన ఫోన్ జాకెట్టులో దోపుకుంటోంది.

"చూడరా అండీ?" అన్నాను.

"ఇక్కడ కాదమ్మా" అన్నారు టీచర్ గారు. ఫోన్ సంచిలో పెట్టేసుకుని, లేచి వెళ్ళి కుమారి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ ఆటో ఎక్కారు.

అప్పటిదాకా ఫోన్ లాక్ అంటే సొంతదారుడి సొమ్ముకి కాపలా అనుకునేదాన్ని. అందులో సగం మాటలు మనల్ని నమ్మి ఇతరులు చెప్పుకున్నవని నాకు తెలియజెప్పింది ఆ టీచర్ గారే. ఇప్పుడు వాయిస్ అసిస్టెంట్ పెట్టమని ఎవరొచ్చినా, మీకేం కావాలని అడిగాక, ఇందులో ఎవరెవరి మాటలున్నాయని కూడా అడుగుతాను. కొందరు నవ్వుతారు. కొందరు కాసేపు ఆలోచించి, చదవడం వద్దులెండి అంటారు. నాకీ ప్రశ్న నేర్పినందుకు ఆవిడకి జీవితాంతం రుణపడి ఉంటాను.

మరుసటి ఏడు మా అమ్మకి ఆపరేషన్ అన్నారు. మా ఇంట్లో పూజలే గాని ప్రార్థనలు లేవు. అయినా ఆ ముందురోజు షాపులో ఒక్కదాన్నే కూర్చుని, టీచర్ గారి నంబరుకి మెసేజ్ పెట్టాను. ఏం రాశానో ఆవిడకి తెలుసు. ఇంకెవరికీ తెలియదు.