ఒక్కపొద్దుల పిల్ల

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. కళ్యాణదుర్గంలో టైలరు దగ్గర, పదో తరగతి చదివే నా కూతురికి కొలతలు తీయిస్తూ, "గుడ్డ ఎక్కువే పడుతుందిలేన్నా, ఇది పిల్ల కాదు, శెనక్కాయ మూట" అన్నాను. టైలరు నవ్వాడు. అంగట్లో ఆడవాళ్లు నవ్వారు. అదీ నవ్వింది. నవ్వింది కదా అని ఇంటికొచ్చి మా అత్తకు చెప్పి మళ్లీ నవ్వించాను.

ఆ వారమే నా కూతురు "నేనూ ఒక్కపొద్దు ఉంటా మా" అంది. మా ఇళ్లలో ఆడవాళ్లు శనివారం పగలంతా పస్తుండి, దీపం పెట్టాక ఒక్క పూట తింటారు. అత్త మురిసిపోయింది. తర్వాత సోమవారం చేరింది, ఆపైన గురువారం. కొన్నాళ్లకు దీపం పెట్టాక కూడా అరటిపండుతో సరిపెట్టేది.

"ఈ కాలంలో ఇంత భక్తి యాడుండాది!" అని అత్త వీధంతా చెప్పింది. ఎదురింటామె తన కూతురిని పిలుచుకొచ్చి, "చూసి నేర్చుకో" అని మొట్టింది. నేనూ షేర్ ఆటోలో ముక్కూమొహం తెలియని వాళ్లకు చెప్పుకున్నాను. తల దువ్వితే వెంట్రుకలు గుప్పెడేసి ఊడేవి. బోరు నీళ్ల ఉప్పు అనుకున్నాను. నెలసరి ఆగిపోతే పరీక్షల దిగులన్నాను. దేవుడి పేరు చెప్పింది కాబట్టి వద్దనడానికి భయపడ్డాను. దాన్ని తిట్టడానికి మాత్రం ఏనాడూ భయపడలేదు.

బడిలో ప్రార్థన దగ్గర పడిపోయింది. అనంతపురం తీసుకుపోతే, డాక్టరమ్మ నా ముందే దాన్ని అడిగింది. "చచ్చిపోవాలని అనిపిస్తోందా పాపా?"

నాకు ఒళ్లు మండింది. "ఏం మాటలు మేడం అవి? పిల్లకు లేనిపోనివి నేర్పిస్తాండారే!" అని అరిచాను.

"శానా దినాల నుంచి అనిపిస్తాంది" అంది నా కూతురు, నా వైపు చూడకుండా. "ఒక్కపొద్దులు దేవునికి కాదు మా. నువ్వు నవ్వగూడదని ఉంటి."

ప్రతి వారం మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకురమ్మంది డాక్టరమ్మ. ఒంటరిగా వదలొద్దంది. తినేటప్పుడు పక్కన కూర్చోమంది, ఒంటి గురించి ఒక్క మాట అనొద్దంది. ఆ చివరిదే నాకు కష్టమని ఆమెకు చెప్పడానికి సిగ్గేసింది.

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున అన్నం కలుపుతుంటే, "ఈ పొద్దు శనివారం గదే" అంది అత్త.

"నోరు మూసుకోత్తా" అన్నాను.

కంచం ముందు అది చేతులు ముడుచుకుని కూర్చుంది. "నువ్వు చూస్తాంటే మింగుడు పడదు మా. ఆ పక్కకు తిరుగు."

గోడ వైపు తిరిగి కూర్చున్నాను. వెనక నా బిడ్డ నమిలే చప్పుడు వింటున్నాను. ఒక ముద్ద. చాలాసేపటికి ఇంకోటి. తర్వాత చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే తినదు. చూడకపోతే లేచి ఎటు పోతుందోనని ప్రాణం కొట్టుకుంది. గోడను చూస్తూనే చెయ్యి వెనక్కి చాచి దాని కాలు పట్టుకున్నాను.

అది కాలు లాక్కోలేదు. తిననూ లేదు.