మా వెనకే వచ్చిన బండి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఒమన్ ఎడారిలో ముప్పై ఏళ్లు ఒంటరిగా తిరిగినవాణ్ని. చేతిలో కర్ర, భుజాన నీళ్ల తిత్తి, అదే నా సామాను. పిడికెడు ఇసుక తీసి వాసన చూస్తే చాలు, ఎటు పోతే ఊరు వస్తుందో, ఎటు పోతే ప్రాణం పోతుందో చెప్పేవాణ్ని. అక్కడ పుట్టి పెరిగిన ఎడారి తెగవాళ్లు, బదూలు కూడా దారి తప్పితే నా దగ్గరికే వచ్చేవాళ్లు. అట్లాంటి మనిషిని దయ్యం ఏం చేస్తుంది? ఎదురైతే దానికీ దారి చూపించి పంపేవాణ్ని.

అందుకే మా క్యాంపింగ్ సఫారీలో నన్ను ముందు బండిలో కూర్చోబెట్టారు. గైడు పక్కన రెండో గైడులాగా.

అప్పటికి నేను వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి తిరిగి రావడానికి సిద్ధంగా ఉన్నాను. మా అక్క కొడుకు రమేశ్‌కు మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగం, అజైబాలో ఫ్లాట్. మామ ఇన్నేళ్లు బతికిన చోటు అత్త ఒక్కసారైనా చూడాలని నా భార్య రాజవ్వను విజిట్ వీసా మీద రప్పించాడు. పోయే ముందు అందరం కలిసి వహీబా ఇసుకల ఎడారికి పోదామని సఫారీ మాట్లాడాడు. ఒకరోజు ఇసుకలో ప్రయాణం, గుడారాల్లో పడక, తెల్లారి తిరుగు ప్రయాణం. చలికాలం కాబట్టి ఎండ భరించవచ్చు అన్నారు.

రాజవ్వకూ నాకూ పెళ్లయి చాలా ఏళ్లయింది. కానీ నేను సెలవు మీద ఇంటికి వచ్చిన రోజులన్నీ కలిపితే ఒక పిల్లాడికి మాటలు వచ్చేంత కాలం అవుతుందేమో. అజైబా ఫ్లాట్‌లో ఇద్దరం చుట్టాల్లాగా మసిలాం. ఆమె చాయ్ తాగుతవా అనేది. నేను ఆ అనేవాణ్ని. అక్కడితో మాట అయిపోయేది.

కోపాలేం లేవు. కంపెనీలో ఆఖరి కాగితం మీద సంతకం పెట్టినప్పటి నుంచి నాకు సంతోషమూ లేదు, బాధా లేదు. చెయ్యి మీద తల పెట్టుకుని పడుకుంటే చేతికి తిమ్మిరెక్కుతుంది కదా, అట్లా మనిషి మొత్తానికి ఎక్కింది.

రెండు బండ్లు వచ్చాయి. ముందు బండి సలీం అనే ఒమానీది. అతనే గైడు. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. వెనక బండి నడిపేది హైదరాబాద్ జబ్బార్ భాయ్. రమేశ్ నా భుజం తట్టి, "మామా, నువ్వు ఎడారి పులివి గద, ముందటి బండ్ల కూసో" అన్నాడు. కూర్చున్నాను. రాజవ్వ, రమేశ్, అతని భార్య లత వెనక బండి ఎక్కారు. మొగుడూ పెళ్లామూ ఒక బండిలో కూర్చోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మాకూ రాలేదు.

నీళ్లు, తిండి మా బండిలో పెట్టారు. గుడారాలు, పరుపులు వాళ్ల బండిలో. రాజవ్వకు షుగర్ ఉంది. పొద్దున గోలీ వేసుకుంది కానీ ఏమీ తినలేదు, అక్కడికి పోయాక తింటానంది. ఆమె టిఫిన్ డబ్బా కూడా మా బండిలోనే ఉండిపోయింది.

బిదియా ఊరు దాటి తారురోడ్డు అయిపోయిన చోట సలీం దిగి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి "పంక్చరా?" అని అడిగాను.

సలీం నా వంక చూశాడు. "చాచా, ఒమన్‌లో ఎన్నేళ్ల నుంచి ఉన్నావు?"

"ముప్పై."

"ఇసుకలోకి పోవాలంటే గాలి తీస్తారని తెలియదా?"

వెనక బండి దగ్గర జబ్బార్ భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేగిస్తాన్ కా నై మియా, బౌషర్ కా షేర్ హై అప్నా చచ్చా!"

ఎడారి పులిని కాదట, మస్కట్‌లోని బౌషర్ పేట పులినట. కాబట్టి ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కర్ర లేదు, తిత్తి లేదు. బౌషర్‌లో, అల్ ఖువైర్‌లో కట్టే బిల్డింగులకు జిప్సం సీలింగ్ వేయడం నా పని. అన్నేళ్లూ తలెత్తి పైకప్పులు చూశాను తప్ప ఎడారి ఇసుకలో కాలు పెట్టలేదు. రూమ్, డ్యూటీ, మళ్లీ రూమ్. శుక్రవారం నిద్ర. బదూలకు దారి చూపించడం మాట దేవుడెరుగు, అజైబాలో రమేశ్ ఫ్లాటు వెతుక్కుంటూ నేనే తప్పిపోయాను. మొదట్లో చెప్పినదంతా మా ఊరి హోటల్ ముందు చెప్పే సరుకు. ఇక మీదట ఒక్క ముక్క కూడా సాగదీయను. సాగదీస్తే తర్వాతది మీరు నమ్మరు.

ఇసుకలో రెండు బండ్లు పోతే ఒక పద్ధతి ఉంటుందట. ముందు బండివాడు వెనక బండిని వదలకూడదు. అది కనబడకపోతే ఆగాలి, అది వచ్చేదాకా కదలకూడదు. గుట్టల వెనక దాగినా తెలిసేలా ఒక్కో బండికి పొడుగాటి సన్నని కర్ర కట్టి దాని కొసకు నారింజరంగు జెండా పెడతారు. ముందు జెండా లేస్తుంది, తర్వాత బండి లేస్తుంది.

"చాచా, నేను ముందు చూస్తాను, నువ్వు వెనక చూడు" అన్నాడు సలీం. అదే నాకు అప్పగించిన పని.

చేశాను. నిజంగానే చేశాను. గుట్ట ఎక్కిన ప్రతిసారీ మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూశాను. జెండా లేచేది, తెల్లబండి లేచేది. "ఆ రహా హై" అనేవాణ్ని. సలీం తన అద్దంలో ఒకసారి చూసుకుని ముందుకు కదిలించేవాడు. ఇసుక ఒకచోట ఎర్రగా, ఒకచోట గోధుమపిండి రంగులో ఉంది. అందంగా ఉందని తెలుస్తోంది. అందంగా అనిపించడం లేదు.

మిట్టమధ్యాహ్నం ఒక ఎత్తైన గుట్ట మీద సలీం ఆపాడు, ఇంజను చల్లారాలని. వెనక బండి కూడా అవతలి గుట్ట మీద ఆగింది. దగ్గరికి రాలేదు. ఒక ఎండిన పొద పక్కన నిలిచింది. అందులోంచి ఒక మనిషి దిగింది.

రాజవ్వే. ఆకుపచ్చ చీర. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూస్తూ నిలబడింది. సెలవు అయిపోయి నేను బయలుదేరిన ప్రతిసారీ ఆటో వెనక అద్దంలోంచి నాకు కనబడింది ఆ నిలబడటమే. అందుకని నాకేమీ వింతగా తోచలేదు. చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది.

సలీం రెండుసార్లు హెడ్‌లైట్లు వేసి ఆర్పాడు, అంతా బాగేనా అని. అవతలి బండి కూడా రెండుసార్లు వేసి ఆర్పింది. మేం కదిలాం.

క్యాంపు చోటికి చేరేసరికి ఎండ ఇంకా బాగానే ఉంది. సలీం చాప పరిచి కాఫీ పోశాడు. వెనక బండి కోసం చూశాం. జెండా లేవలేదు. కాఫీ చల్లారింది. జెండా లేవలేదు.

కింద ఫోను పలకదు. సలీం ఫోను పట్టుకుని పెద్ద గుట్ట ఎక్కాడు, వెనకే నేనూ ఎక్కాను. పైకి పోగానే నా జేబులో ఫోను గొల్లుమంది. రమేశ్.

"మామా, యాడ వోయిండ్రు? ఎన్నిసార్లు చెయ్యాలె ఫోను? మేం మొదటి గుట్ట కాడనే ఆగిపోయినం. బండి స్టార్టే అయితలేదు. అత్తకు ఒక్కతీర్గ చెమటలు వడుతున్నయ్. ఏదేదో మాట్లాడుతున్నది. నన్ను గుర్తువడుతలేదు."

"మీరు మా వెనకనే ఉన్నరు గదరా" అన్నాను.

"ఎనక ఏంది మామా? పొద్దటి సంది ఈన్నుంచి కదలనే లేదు. జల్ది రాన్రి. తిండీ నీళ్లూ మీ బండ్లనే ఉన్నయ్."

ఫోను తెగిపోయింది. మొదటి గుట్ట అంటే మేం తారురోడ్డు వదిలిన చోటు. పక్కన ఒక బదూ కుటుంబం మేకల దొడ్డి ఉండింది. మేం అక్కడి నుంచి చాలా దూరం వచ్చేశాం.

ఆ నిమిషంలో గుండె ఆగినంత పనయిందని రాయాలి. కానీ సాగదీయనని మాట ఇచ్చాను. నాకు ఏమీ అనిపించలేదు. గుట్ట దిగాను. రాజవ్వ టిఫిన్ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మూత గట్టిగా ఉందా లేదా అని చూసుకున్నాను. ఆమె చనిపోవచ్చని నాకు తెలుసు. ఇసుక ఎర్రగా ఉందని తెలిసినట్టే అదీ తెలుసు.

మా టైర్ల జాడ పట్టుకునే వెనక్కి మళ్లాం. ఆ రోజు గాలి లేదు, జాడలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. నా కళ్లు వాటి మీదే పడ్డాయి. ఒక్క బండి జాడలే. మాది ఒక్కటే.

ఎండిన పొద దగ్గర సలీం ఒక్క క్షణం ఆపాడు. ఆ చుట్టుపక్కల అట్లాంటి పొద ఇంకోటి లేదు. ఇసుక మీద నీటి అలల్లాగా గీతలు, ఒక్కటీ చెదరలేదు. పొద మొదట్లోంచి ఏదో పురుగు నడిచిన సన్నని జాడ కూడా చెరగకుండా ఉంది. మనిషి అడుగు లేదు.

"సలీం, నువ్వు కూడా చూశావు కదా?" అని అడిగాను.

"చూశాను. లైట్లు కూడా వేసింది" అన్నాడు. పెదవుల్లోనే ఏదో ప్రార్థన చదువుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి వెనక చూసే అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేశాడు. "చాచా, ఇక వెనక్కి చూడకు" అన్నాడు.

మేం చేరేసరికి రాజవ్వ ఒక చెట్టు నీడన జబ్బార్ భాయ్ పరిచిన గుడారం గుడ్డ మీద ఒరిగి ఉంది. లత ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఉంది. మేకల దొడ్డి దగ్గరి బదూ ముసలామె పక్కన కూర్చుని ఖర్జూరపండ్లు గింజ తీసి కొంచెం కొంచెంగా తినిపిస్తోంది. వాళ్ల ఇంటి మగవాడు పికప్ తీసుకుని ఊళ్లోకి పోయాడట, లేకపోతే ఆస్పత్రికి తీసుకుపోయేవాళ్లట. రాజవ్వకు అప్పుడప్పుడే తెలివి వస్తోంది. నేను బండి దిగాను. నీళ్లు తాగాను. నీడలో కూర్చున్నాను. ఇప్పటికీ నాకు గుర్తున్నది అంతే.

కాసేపటికి ఒక విషయం గమనించాను. రాజవ్వ చీరలో లేదు. ఇసుకలో చీర కష్టమని లత తన నీలంరంగు పంజాబీ డ్రెస్ ఇచ్చిందట.

"ఇదెప్పుడు తొడిగినవ్?" అన్నాను.

"పొద్దుగాలనే. ఇప్పుడు గనవడ్డదా?" అంది నీరసంగా. అదే ఆమె నాతో అన్న మొదటి మాట.

ఆకుపచ్చ చీర సంగతి అడిగాను. అట్లాంటి చీర ఒకటి ఉండేదట. చిరిగిపోతే ఎన్నడో బొంతలో వేసి కుట్టేసిందట.

ఆ రోజే మస్కట్‌కు తిరిగొచ్చాం. బౌషర్‌లో ఒక ఆస్పత్రిలో చూపించాం. షుగర్ పడిపోయింది, సమయానికి తీపి పడింది కాబట్టి బతికింది అన్నారు.

ఎండమావి మామా, అంటాడు రమేశ్. దూరాన ఉన్న బండిని వేడిగాలి ఎత్తి చూపిస్తుందట. అయితే అయింది. చలికాలపు ఎండమావికి హెడ్‌లైట్లు ఎక్కడివి? వేరే సఫారీ బండి ఏదో వచ్చి ఉంటుందంటాడు జబ్బార్ భాయ్. జాడ లేకుండా ఎట్లా వచ్చింది? నేను కునికిపాట్లు పడి ఉంటానని లత అనుమానం. నేనైతే నమ్మదగ్గ మనిషిని కాను, ఒప్పుకుంటాను. సలీం సంగతేమిటి? అతనికి రాజవ్వ ఎవరు, ఆమె చీరలతో ఏం పని? చూడకపోయి ఉంటే వెనక బండి కోసం ఆగి ఉండేవాడు. అది అతని పని.

నాకు మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. అది మంచి చేయడానికి వచ్చిందని మీరు అనవచ్చు. కానీ అది వెనక కనబడబట్టే మేం ఆగలేదు. కనబడకపోయి ఉంటే మొదటి గుట్ట దగ్గరే తిరిగొచ్చేవాళ్లం. అది రాజవ్వ అయితే మమ్మల్ని ఎందుకు పొమ్మన్నట్టు చెయ్యి ఊపింది? రాజవ్వ కాకపోతే ఎవరు? ఎంత ఆలోచించినా ఇంతవరకు నాకు అంతు దొరకలేదు.

ఇప్పుడు మా ఊళ్లోనే ఉన్నాం, ఒక ఇంట్లోనే. రాసినదంతా రాజవ్వకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం విన్నది. తర్వాత చాట పక్కన పెట్టింది.

"గా బండి సంగతి నాకు తెల్వది. నువ్వు సూసినవ్, నేన్ సూడలె. గని ఏం అనిపియ్యలేదని రాసినవ్ సూడు, గది శుద్ధ అబద్ధం. బండి ఆగకముందే తలుపు తీస్కొని దునికినవ్, మోకాళ్ల మీద వడ్డవ్. నీళ్లు తాగినవా? తాగలె. బుడ్డెడు నీళ్లు నా నెత్తి మీద గుమ్మరించినవ్. నా దవడలు వట్టుకొని ఖర్జూరపండు కుక్కినవ్, గది మింగకముందే ఇంకోటి, గింజలతోని. లత వద్దు మామా అంటె ఇనలె. ఆ ముసల్ది నీ చెయ్యి మీద ఒక్కటి సరిసి అవుతలికి నూకింది. ఆమె గన్క లేకుంటె షుగర్‌తోని కాదు, నీ చేతుల సచ్చిపోదును."