కూలర్ గాలికి పాసైన ర్యామ్

మా ఇంట్లో కంప్యూటర్ మా ఆవిడది. ఆమె పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. నాకు దానిమీద ఉన్న హక్కల్లా దుమ్ము తుడవడమే. తుడిచే చేయి ఊరికే ఉంటుందా? ఒకసారి మూత విప్పితే లోపల ర్యామ్, అంటే దాని జ్ఞాపకశక్తి పలక, కనిపించింది. ఇంత మంచి సరుకు కంపెనీవాడు చెప్పిన వేగంతోనే నడవడం ఓరుగల్లుకే అవమానమనిపించింది.

ర్యామ్ టైమింగులంటే, అడిగింది అందించడానికి అది ఎంతసేపు తీసుకోవాలో చెప్పే అంకెలు. తగ్గించినకొద్దీ చురుకు. ఆ చురుకుకు తట్టుకోవాలంటే వోల్టేజీ రవ్వంత పెంచాలి. పెంచితే వేడెక్కుతుంది, వేడెక్కితే పెట్టుకున్నది మరిచిపోతుంది. పైగా అది మే నెల. మా డాబా మీద వడియాలు ఎండవు, వేగుతాయి.

ఆదివారం మా ఆవిడ చర్చికి వెళ్లగానే పని మొదలుపెట్టాను. ఆరోజు పాస్టరుగారు నోవహు ఓడ గురించి చెప్తారట. జంతువులన్నీ ఓడ ఎక్కేలోగా నా మెమరీ టెస్ట్ అయిపోతుందని నా అంచనా. మొదటిసారి అంకెలు తగ్గించగానే తెర నల్లబడి, కంప్యూటర్ పరలోకానికి వెళ్లి వచ్చింది. రెండోసారి తప్పులు ఉసిళ్లలా లేచాయి. అప్పుడు హాల్లో ఉన్న ఇనుప కూలర్‌ను లాక్కొచ్చి, మూత తీసిన క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టాను. ఏనుగంత కూలర్, తుఫానంత గాలి. ఒక్క తప్పు లేదు! ర్యామ్ పాస్. నేను డిస్టింక్షన్.

మా ఆవిడ వచ్చి, కూలర్ తనకోసమే పెట్టాననుకుని కూర్చుంది. ఆ సాయంత్రం పరకాలలో ఒక పెళ్లి రిసెప్షన్. అక్కడ తెర కట్టి పెళ్లి సినిమా వేస్తారు. ఆ ఊళ్లో ఆమెకు అదే మొదటి పని, అది బాగుంటే ఇంకో రెండు పెళ్లిళ్లు ఇప్పిస్తామన్నారు. చివరి ఫైలు తయారు కావడానికి పెట్టింది. అది పరుగులు తీసింది. నేను ఏమీ ఎరగనట్టు పేపరు చదివాను.

అంతలో ఫైలు తీసుకుపోవడానికి పెళ్లికూతురి మేనమామ జీపు నిండా బంధువులతో దిగాడు. ఆ మీసానికి విడిగా ఆధార్ కార్డు ఇవ్వొచ్చు. చుట్టాలొస్తే మంచినీళ్లకన్నా ముందు కూలర్ మొహం వాళ్లవైపు తిప్పడం మా ఇళ్ల పద్ధతి. మా దగ్గరే ఉండే మా అత్తమ్మ తిప్పేసింది.

"అత్తమ్మా, అటు తిప్పకు!" అన్నాను.

"కంప్యూటర్‌కు ఉక్కపోతనా అల్లుడా? మనుషులు చెమటల తడిసి పోతాండ్రు!"

కాసేపటికి ఫైలు తయారైంది. అందరూ చూస్తుండగా మా ఆవిడ వేసి చూపించింది. మేనమామ పెళ్లికూతుర్ని గంపలో మోసుకొచ్చే ఘట్టం. తెర మీద ఆయన మీసం చిలకపచ్చగా మెరిసింది. ఆ తర్వాత పెళ్లికూతురి తల ఒక దిక్కు, గంప ఒక దిక్కు అయ్యాయి.

"ఏంది చెల్లె, నా మీసానికి రంగేసినవా?"

"నేనెయ్యలే అన్నా!" అని ఆమె నావైపు తిరిగింది. "సార్, మీరేం జేసిండ్రు జర చెప్పుండ్రి."

మా ఆవిడ నన్ను సార్ అన్నదంటే ప్రమాదం ముదిరినట్టే. "ర్యామ్ టైమింగ్ జర తగ్గించిన. వోల్టేజ్ కూడా... గింతనే. ఫికర్ చేయకు, కూలర్ ఇటు తిప్పితే సాలు."

"మరి మేం ఉడికిపోవాల్నా బావా?" అన్నాడు మేనమామ.

"నా మొదటి పని ఇది. మునుపు ఎట్లుండెనో అట్లనే పెట్టుండ్రి," అంది ఆమె. మెల్లగానే అంది.

పెట్టాను. అన్ని అంకెలూ కంపెనీవాడి దగ్గరికి తిరిగి వెళ్లాయి. ఫైలు మళ్లీ మొదటినుంచి, నింపాదిగా మొదలైంది. బంధువులు మా ఇంట్లోనే భోంచేశారు. మేనమామ కూలర్ ముందు పడుకుని, దానితో పోటీపడి గురకపెట్టాడు. పూర్తయ్యాక గంప ఘట్టం దగ్గర ఆపించి, తెరకు ముక్కు ఆనించి చూసుకున్నాడు.

"నల్లగనే ఉన్నది. పోదాం పాండ్రి!"

రాత్రి పరకాల నుంచి ఫోన్. గంప ఘట్టానికి ఈలలే ఈలలట. శ్రావణంలో రెండు పెళ్లిళ్లు ఖాయం చేశారు. మా ఆవిడ సంతోషంగా ఫోన్ పెట్టేసి, తిన్నగా వెళ్లి కంప్యూటర్ సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టింది. ఆమె తరఫు బంధువుల పేర్లన్నీ కొట్టి చూశాను, తెరుచుకోలేదు.

ఏమైనా నా మాట నాదే. ర్యామ్‌లో ఏ లోపమూ లేదు. చుట్టాలే చలికాలంలో రావాల్సింది.