చెవి మాస్టరు, బాబిన్ చప్పుళ్ళు

అరవై కుట్టు మిషన్లు ఒక్కసారిగా నడిచే హాలులో మామూలు మనిషికి వినిపించేది ఒకటే హోరు. చెవి మాస్టరుకు మాత్రం అరవై గొంతులు వినిపించేవి. గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచేవాడు. "మూడో వరుసలో ఆరోది. హుక్కు అరిగింది. సాయంత్రంలోగా దారం తెంపుతుంది" అనేవాడు. ఆ మిషన్ మీద కూర్చున్నావిడ "బానే కుడుతోందిగా మాస్టరూ, దిష్టి పెట్టకండి!" అని నవ్వేది. నాలుగు కొట్టకముందే దారం పుటుక్కుమనేది. హాలంతా ఒకటే కేకలు. ఆయన తాపీగా వచ్చి మిషన్ విప్పి, సరిచేసి, చక్రం ఒక చుట్టు తిప్పి చూసి, దాని వీపు మీద రెండు వేళ్ళతో టక్ టక్ మని తట్టి "నడుస్తోంది" అనేవాడు. ఆ ఒక్క మాట పడ్డాక ఆ మిషన్ గురించి ఇంకెవరూ నోరెత్తేవారు కాదు.

ముప్పై ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. భార్య కూడా కోపం వచ్చినప్పుడు "ఏం చెవి మాస్టరూ, నే పిలిచింది వినబళ్ళేదా?" అనేది.

కిందటేడు నిజంగానే వినబడలేదు.

మొదట మిషన్లే మెత్తబడ్డాయనుకున్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం కుడివైపు తిరిగి పడుకుంటే గోడ గడియారం ఆగిపోయింది. ఎడమవైపు తిరిగితే మళ్ళీ నడిచింది. లోపం గడియారంలో లేదని అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఎడమ చెవి లోపల చిన్న చిన్న ఎముకలు బిగుసుకుపోయాయని, గాలిలో వచ్చే చప్పుడు ఆ వైపు సరిగా అందదని, ఎముకకి ఆనిస్తే మాత్రం అందుతుందని అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని స్క్రూడ్రైవర్ల పెట్టె అడుగున పెట్టేశాడు. చెవి మాస్టరుకు చెవి పోయిందన్న మాట ఎవరి నోటా రాకముందే, వయసైపోయిందని తానే చెప్పి కంపెనీ మానేశాడు. అరవై గొంతులు అక్కడే ఉండిపోయాయి. ఇంట్లో కిటికీ పక్కన భార్య స్కూలు యూనిఫాంలు కుట్టే మిషన్ ఒక్కటే మిగిలింది. దాని మాట వింటూ, విన్నది నిజమో కాదో తేల్చుకోలేక, ఆయన రోజులు గడిపేవాడు.

అలాంటి ఇంట్లోకి ఒక ఆదివారం పొద్దున్నే కూతురు బుట్టతో వచ్చింది. ఆమె పార్సిల్ ఆఫీసులో పని చేస్తుంది కాబట్టి బుట్టని కూడా పార్సిల్ లాగే రెండు చేతులా పట్టుకుని, వంచకుండా నేల మీద దించింది.

"నా స్నేహితురాలు ఇల్లు మారింది నాన్నా. కొత్త ఇంట్లో కుక్కల్ని రానివ్వరట."

బుట్టలోంచి ముందు మొహం వచ్చింది. మసి పూసుకున్నట్టు నల్లగా, ఇస్త్రీ చేయకుండా మడిచి పడేసిన గుడ్డలాంటి నుదురు. కోటుకి కుట్టే పెద్ద నల్ల గుండీల్లాంటి రెండు కళ్ళు. ఆ వెనకే గోధుమరంగు ఒళ్ళు, చిట్టచివర నడుం మీద చుట్టచుట్టుకుని కూర్చున్న తోక.

"ఇదేం మొహమే! పరిగెత్తుకెళ్ళి తలుపుకి గుద్దుకున్నట్టుంది" అంది భార్య.

"పగ్ అంటారమ్మా. ఇంతకన్నా పెరగదు. కాపలా కాయడం, వేటాడటం లాంటివేమీ రావు. మనిషిని అంటిపెట్టుకుని ఉండటమే దీని ఉద్యోగం."

"పనీ పాటా లేకుండా నా కొంగు పట్టుకుని తిరగడమా? ఆ ఉద్యోగంలో మీ నాన్న ఆల్రెడీ ఉన్నారుగా."

మాస్టరు తోక వంకే చూస్తున్నాడు. "దారం నిండా చుట్టిన బాబిన్‌లా ఉందే" అన్నాడు. అంతే, పేరు పడిపోయింది.

బాబిన్ ఇల్లంతా ఒక చుట్టు చుట్టొచ్చి, ముగ్గురిలోనూ ఆయన్నే ఎంచుకుని, పాదాల మీద కూర్చుంది. కూర్చుని ఊపిరి పీల్చింది. గర్ర్... బుస్. గర్ర్... బుస్.

మాస్టరు తల పక్కకి వంచాడు. ఏడాదిగా ఏ మిషనూ ఆయనతో అంత స్పష్టంగా మాట్లాడలేదు. గబగబా కుడి చెవి దగ్గరికి ఎత్తుకున్నాడు. నోరు తెరిచి టార్చి వేశాడు. పొడవాటి స్క్రూడ్రైవరు తెచ్చి, దాని కొన మీద తన బొటనవేలు అడ్డం పెట్టి, ఆ వేలిని కుక్క పక్కటెముకల మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టాడు. మిషన్ లోతుల్లోని చప్పుడు వినాలంటే అదే దారి. బాబిన్ ఆ స్క్రూడ్రైవరుని ప్రేమగా నాకింది.

"లోపల ఏదో ఇరుక్కుంది. గాలి దారి మూసుకుపోతోంది. పదండి, పదండి!" అంటూ చెప్పులు వేసుకున్నాడు.

పశువుల డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆయన చెప్పిందంతా శ్రద్ధగా వింది. బాబిన్‌ని ముక్కు నుంచి తోక దాకా చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది.

"ఏమీ ఇరుక్కోలేదు బాబాయిగారూ. ఈ జాతి చప్పుడే ఇది. పుట్టినప్పట్నుంచి ఇంతే."

"చప్పుడుందంటే లోపం ఉన్నట్టేగా డాక్టరమ్మా?"

ఆమె నవ్వు తగ్గించింది. "అది నిజమే. కానీ ఆ లోపం దీనిది కాదు, మనది. ముద్దుగా ఉంటుందని మనుషులే తరతరాలుగా వీటి మూతి పొట్టిగా చేశారు. లోపలి కండ మాత్రం పొట్టి కాలేదు. పెద్ద పెట్టెలో పట్టే సామానంతా చిన్న పెట్టెలో కూరినట్టన్నమాట. లావెక్కనివ్వకండి. మెడకి పట్టీ వద్దు, ఛాతీకి కట్టండి. మొహం మీది ముడతలు రోజూ తుడవండి. అన్నిటికంటే ముఖ్యం, ఎండ. ఇది ఎప్పుడూ చప్పుడు చేస్తూనే ఉంటుంది కాబట్టి, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు ఎవరూ గుర్తుపట్టరు."

మాస్టరు చివరి మాటల్ని సగమే విన్నాడు. ఆయన తలలో వేరే మాట తిరుగుతోంది. బాగున్నదాన్ని పాడైందన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ అలా జరగలేదు. ఇంటి దారిలో కూతురు "చెవి మాస్టరు ఫెయిల్!" అని ఆటపట్టిస్తుంటే నవ్వాడు కానీ, ఇంటికి రాగానే ఆ స్క్రూడ్రైవరుని పెట్టె అడుగుకి తోసేశాడు.

బాబిన్‌కి ఇవేమీ తెలియవు. దానికి తెలిసిందల్లా ఆయన పాదాలు. ఆయన స్నానాల గదిలోకి వెళితే తలుపు బయట నిట్టూర్చేది. పేపరు చదివితే పేపరు మీద కూర్చునేది. మధ్యాహ్నం ఆయన నడుం వాలిస్తే పక్కనే వాలి, క్షణంలో గుర్రు మొదలుపెట్టేది. వినకుండా ఉండటం మాస్టరుకు చేతకాలేదు. వింటూ పోతే ఒక ప్రపంచం తెరుచుకుంది. ఆ గుర్రులో రెండు దెబ్బలున్నాయి. లోపలికి వెళ్ళేది గరుకు, బయటికి వచ్చేది మెత్తన. రెంటి మధ్యా రెప్పపాటు ఖాళీ. ఆ ఖాళీలో ప్రపంచమంతా ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

వారం తిరిగేసరికి ఆయనలో పాత మనిషి లేచి కూర్చున్నాడు.

"ఇదిగో, విను విను! ఇది ఆకలి చప్పుడు. చివర్లో చిన్న కీచు ఉంది చూడు. ఇందాకటిది అలక."

"కుక్కకి అలకేంటండీ!"

"నువ్వు దాని చాప మీద బట్టలు పెట్టావు."

భార్య బట్టలు తీసింది. చప్పుడు మారింది. ఆమె నోరు తెరిచి ఆయన్నీ కుక్కనీ మార్చి మార్చి చూసింది. ఇంకోరోజు బాబిన్ ఉన్నట్టుండి మెడ సాచి, ముక్కుతో గాలిని వెనక్కి లాగుతూ, పెళ్ళిబాకాలా హోంక్ హోంక్ మనడం మొదలుపెట్టింది. భార్యా కూతురూ ఘొల్లుమన్నారు. ఆయనా చెప్పుల కోసం చూశాడు. కానీ పరుగెత్తలేదు, ముందు విన్నాడు. చప్పుడు పెద్దదే కానీ ఖాళీ చెక్కుచెదరలేదు. గొంతు మెల్లగా నిమిరాడు. అర నిమిషంలో తగ్గిపోయింది. తిరగబడ్డ తుమ్ము అంతేనని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. అయినా రెండోసారి పొరపాటు పడలేదన్న సంతోషాన్ని ఆయన ఎవరితోనూ పంచుకోలేదు. చెవి మీద నమ్మకం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

ఎండలు ముదిరాయి. కూతురికి సెలవు దొరికిన రోజు, పదకొండు గంటలవేళ, డాబా మీద బంతి ఆట మొదలైంది. "నీడ పట్టునే ఆడిస్తా నాన్నా" అంది. కింద మాస్టరు, భార్య కుట్టే మిషన్‌ని విప్పి నూనె వేస్తున్నాడు. రేడియోలో ఎవరో పాడుతున్నారు. వంటింట్లో కుక్కరు కూస్తోంది. మెట్ల మీదుగా కూతురి నవ్వూ, బంతి దెబ్బలూ, బాబిన్ ఆయాసమూ దొర్లుకుంటూ వస్తున్నాయి.

ఆయన చేతిలో నూనె డబ్బా ఆగింది.

తల పక్కకి వంచాడు. గరుకు, గరుకు, గరుకు. మెత్తన ఏదీ?

"రేడియో కట్టెయ్!"

"ఏమైందండీ?"

"కట్టెయ్యమన్నానా!" మెట్ల వైపు అరిచాడు. "అమ్మాయ్! ఆట ఆపు!"

"ఏం కాలేదు నాన్నా! ఎప్పటి గురకే!" పై నుంచి కూతురు.

ఎప్పటి గురకే. మెట్టు మీద వేయబోయిన కాలు వెనక్కి తీశాడు. ఈ చెవి ఇప్పటికే ఒకసారి పరువు తీసింది. అదీ రెండు చెవుల్లో మిగిలిన ఒక్క చెవి. మళ్ళీ డాక్టరమ్మ నవ్వుతుందేమో. కళ్ళు మూసుకున్నాడు. రేడియో ఆగింది. నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఒంటరిగా నిలబడింది. నూనె చుక్క లేకుండా తిరుగుతున్న మిషన్. రెంటి మధ్యా ఉండాల్సిన ఖాళీ లేదు.

రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు.

నీడ జరిగిపోయి చాలాసేపైంది. ఆట ధ్యాసలో కూతురు చూసుకోలేదు. బాబిన్ ఇంకా తోక ఊపుతూనే ఉంది, అంటిపెట్టుకుని ఉండటం దాని ఉద్యోగం కదా, ఆట ఆపితే ఆమె నొచ్చుకుంటుందని కాబోలు. కానీ నాలుక ముదురు రంగుకి తిరిగింది. జొల్లు జిగురుగా సాగుతోంది. వెనక కాళ్ళు జారుతున్నాయి.

"నీళ్ళు! కుళాయి నీళ్ళు! ఐసు వద్దు!" చంకలో పెట్టుకుని దిగాడు. స్నానాల గదిలో పొట్ట మీద, పాదాల మీద చెంబుతో నీళ్ళు పోశాడు. భార్య విసనకర్ర దొరక్క, సగం కుట్టిన చొక్కాతోనే విసిరింది. కూతురు ఏడుస్తూనే ఆటో పిలిచింది. దారి పొడుగునా తడిగుడ్డ మారుస్తూ, కుడి చెవి కుక్క మూతికి ఆనించి, ఆయన ఒకటే లెక్క చెబుతున్నాడు. "లేదు... లేదు... ఇంకా లేదు..."

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. ఆక్సిజన్ పెట్టింది, సూది వేసింది. ముప్పావు గంట తర్వాత బయటికి వచ్చి బల్ల మీద ఆయన పక్కనే కూర్చుంది.

"గండం గట్టెక్కింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని. ఆ చప్పుడు అందరికీ ఒకేలా వినిపిస్తుంది బాబాయిగారూ, మీరు కింద గదిలోంచి ఎలా కనిపెట్టారు?"

"మధ్యలో ఖాళీ పోయిందమ్మా" అన్నాడాయన.  భార్య వైపు తిరిగాడు. "నీకొకటి చెప్పాలి. నా ఎడమ చెవి..."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మంచం మీద నేను వైపు మారినప్పట్నుంచి. ఫ్యాన్ గాలి తగలట్లేదన్నాగా? నడినెత్తిన తిరిగే ఫ్యానుకి ఏ వైపైతే ఏంటండీ! రోడ్డు మీద మీ కుడిపక్కనే నడుస్తున్నా ఏడాదిగా. అదైనా గమనించారా?"

గమనించలేదు. అరవై గొంతులు విడివిడిగా విన్న మనిషి ఆ ఒక్క మనిషి అడుగుల చప్పుడు ఎటు మారిందో వినలేదు.

"ఆ ఒక్క చెవితోనా నాన్నా?" కూతురు ముక్కు తుడుచుకుంది. "డాబా మీద పక్కనే ఉండి రెండు చెవులతో నాకు వినబళ్ళేదు!"

లోపలికి పిలిచారు. బాబిన్ బల్ల మీద పక్కకి పడుకుని, ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి, తోక ఒక్క మెలిక విప్పి మళ్ళీ చుట్టింది. మాస్టరు వంగాడు. అలవాటుగా కుడి చెవి వంచబోయి, ఆగి, తల అటు తిప్పి, ఎడమ చెవి వెనక ఎముకని ఆ తడి పక్కటెముకల మీద నేరుగా ఆనించాడు, మధ్యలో స్క్రూడ్రైవరు కూడా లేకుండా.

ఎముకలోంచి ఎముకలోకి చప్పుడు వచ్చింది. ఏడాదిగా పొగమంచు కమ్మిన ఆ వైపు నుంచి, వెచ్చగా, దగ్గరగా. గరుకు. మెత్తన. మధ్యలో రెప్పపాటు ఖాళీ.

ఆయన లేవలేదు. అలా వంగే, కుక్క వీపు మీద రెండు వేళ్ళతో మెత్తగా టక్ టక్ మని తట్టాడు.

"నడుస్తోంది!" అన్నాడు. గది బయట వంతు కోసం కూర్చున్న వాళ్ళంతా తలెత్తి చూసేంత గట్టిగా.