రాణిగారి నోరు నొక్కే అత్త

ముందే ఒప్పేసుకుంటాను. ఆ రోజు మా మేనత్త కుట్టుగదిలో గౌను నెత్తి మీదికి లాక్కుని, తల లేని బొమ్మలా నిలబడిన వెధవను నేనే. కాకపోతే అత్త పిచ్చి కూడా తక్కువదేం కాదు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒకే సీరియల్లో ఒకే ప్రేమ సన్నివేశం పెట్టుకుని చూస్తుంది. సరిగ్గా అసలు మాట దగ్గరికి రాగానే సౌండు తీసేస్తుంది.

అది రాజుల కాలం కథ. సేనాపతి యుద్ధానికి బయల్దేరుతుంటాడు. దీపాల వసారాలో రాణి అతన్ని ఆపి, కోటు భుజం మీది చిరుగు కుడుతుంది. అతను కోటు విప్పడు, ఆవిడ విప్పమనదు. చివర్లో దారం పంటితో తెంపడానికి వంగితే ఆవిడ ముక్కు అతని చెంపకు తగులుతుంది. అత్త దర్జీ కాబట్టి ముందు రాణి సూది పట్టిన తీరుకు తిట్టుకుంటుంది, ఆ తర్వాత కళ్ళు ఒత్తుకుంటుంది. కుట్టు వంకరే గానీ మనసు తిన్ననిదని తీర్పు చెబుతుంది.

మూడయిందంటే ఆ ఇంట్లో ఈగ కూడా ఎగరకుండా నడిచే వెళ్ళాలి. కొలతలకు వచ్చినవాళ్ళు చేతులు చాపినవాళ్ళు చాపినట్టే నిలబడాలి. ఒకాయన నడుం చుట్టూ టేపుతో, ఒళ్ళంతా గుండుసూదులతో సన్నివేశం మొత్తం చూసి, పాంటు సంగతి మరిచిపోయి టేపుతోనే ఇంటికి వెళ్ళిపోయాడు.

అత్త కిటికీ తెరలు దించి, గౌన్లు తొడిగిన ఏడు బొమ్మల్నీ టీవీ వైపు తిప్పేది. మసక వెలుతురులో, మెడ దగ్గరే ఆగిపోయిన ఏడు ఒళ్ళు.

"వాటికి తలే లేదు కదత్తా, ఏం చూస్తాయి?"

"తలుండి నువ్వు చూసేదేముంది?"

తెర మీద రాణి పెదవి విప్పేది. సౌండు పోయేది. అప్పుడు అత్త టీవీని వదిలేసి గోడను చూసేది. చాలాసేపటికి గోడలోంచి ఒక్కసారి 'టక్'మనేది. సరే, రేపు చూద్దాంలే అని అత్త గోడతోనే చెప్పి టీవీ కట్టేసేది.

పక్కవాటా ఖాళీ అనుకున్నాను. నేను సెలవులకు వచ్చి పది రోజులైనా అక్కణ్ణించి ఒక్క మాట వినపడలేదు, ఆ తలుపు తెరుచుకోలేదు. గోడలో ఎవరని అడిగితే, "మా రాణి" అంది అత్త, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆ పూటే నా మంచం గోడకు దూరంగా లాక్కున్నాను.

కానీ భయపెట్టడం నాకు అలవాటు, భయపడటం నామోషీ. మర్నాడు ఏడో బొమ్మను మంచం కిందికి తోసి, దాని గౌనులో దూరాను. అత్తకు శ్రమ లేకుండా నేనే టీవీ వైపు తిరిగి నిలబడ్డాను. సౌండు పోగానే, మా ఇంట్లో ఆ సీరియల్ చూసినప్పుడు విన్న రాణి మాటను సన్నగా సాగదీసి నేనన్నాను.

"ముడి వేశాను. విప్పడానికి నువ్వే రావాలి."

అత్త కెవ్వుమంటుందనుకున్నాను. అనలేదు. రిమోటు జారవిడిచి గోడ దగ్గరికి పరుగెత్తింది. రెండు అరచేతులూ గోడకు ఆనించి, "అక్కా, వచ్చిందా? గొంతు వచ్చిందా?" అంది. గౌను బొత్తాల సందులోంచి ఆ ముఖం చూశాను. అంత సంతోషం అందులో ఎప్పుడూ చూడలేదు. మెల్లగా తల బయటపెట్టాను. ఆ సంతోషం కాస్తా ఆరిపోయింది.

అత్త తిట్టలేదు. అదే భరించలేకపోయాను. ఆ సీరియల్లో రాణికి డబ్బింగ్ చెప్పినావిడ పక్కవాటాలోనే ఉంటుందట. ఎనిమిది నెలల క్రితం గొంతుకు ఆపరేషనైంది. ప్రయత్నిస్తే మాట వస్తుందని డాక్టరు చెప్పినా, ఆ గొంతు ఎలా వినబడుతుందోనన్న భయంతో నోరూ తలుపూ రెండూ మూసేసుకుంది. అందుకే అత్త రోజూ ఆ ఒక్క మాటా ఆవిడ కోసం వదిలిపెడుతోంది. ఒక్క 'టక్' అంటే, ఇవాళ కాదు అని.

"ఆవిడ కోసం ఉంచిన చోట్లో నువ్వు దూరావురా" అంది అత్త.

అప్పుడు గోడ మాట్లాడింది. ముతకగుడ్డ చింపినట్టుంది ఆ గొంతు.

"రాణి... అలా... ఏడవదు."

ఆ తర్వాత ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "ముడి... వేశాను. విప్పడానికి... నువ్వే రావాలి" అంది. తల లేని ఆరు బొమ్మలూ చెవులు రిక్కించినట్టే అనిపించింది.

అత్త నేల మీద కూలబడి, కొలతల టేపుతోనే కళ్ళు తుడుచుకుంది. ఇదే అదనని నేను, ఏదేమైనా ఆ మాట రావడానికి కారణం నేనే కదా అని గొణిగాను.

"అవున్రా. ఎనిమిది నెలలు నేను బతిమాలితే రాని గొంతు, నిన్ను తిట్టడానికి వచ్చింది. రేపు మూడింటికి అదే గౌనులో నిలబడు. ఇంకా ఘోరంగా అను."